ఇంటి ఫొటోలతో డిజిటల్ స్క్రాప్‌బుక్: మొదటి పేజీ ఎలా చేయాలి

మా ఇంట్లో బీరువా మీద ఒక రేకుపెట్టె ఉంది. ఫొటోలు, శుభలేఖలు, పాత టీటీడీ క్యాలెండరు కాగితాలు అన్నీ అందులోనే. రెండేళ్ల కిందట మే నెలలో, తిరుపతి గంగమ్మ జాతరకు చుట్టాలంతా వచ్చినప్పుడు ఆ పెట్టె కిందికి దించాం. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన ఒక ఫొటో చేతికి వచ్చింది. ఒళ్లంతా బొగ్గు పూసుకుని, నడుముకు వేపమండలు కట్టుకున్న పిల్లవాడు. జాతరలో వేసే తోటి వేషం అని ఈ ఊరివాళ్లకు ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ పిల్లవాడెవరో మాత్రం తేలలేదు. అందరూ చిన్నాయనే అన్నారు. చిన్నాయన కూడా "నేనే అయ్యుంటా" అన్నాడు. అవ్వ ఒక్కతే కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "వాడు కాదురా, మీ నాయన. ఆ కనుబొమ్మ మీద గాటు చూడు, బాయి గట్టు మీద పడినప్పటిది" అనింది.

ఆ మాట ఆ రోజు అవ్వ చెప్పకపోతే ఆ ఫొటో ఎప్పటికీ చిన్నాయనదిగానే మిగిలిపోయేది. నేను మొదటి డిజిటల్ స్క్రాప్‌బుక్ పేజీ చేసింది ఆ ఫొటోతోనే. ఆల్బమ్‌లో ఫొటోలు వరుసగా ఉంటాయి, అంతే. స్క్రాప్‌బుక్ పేజీలో ఫొటో పక్కన ఆ రోజు కథ, ఆ రోజుకు సంబంధించిన చిన్న చిన్న వస్తువులు కూడా ఉంటాయి. కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో చేస్తాం కాబట్టి కత్తెర, జిగురు పని లేదు. అసలు ఫొటోకు ఏమీ కాదు. నచ్చకపోతే ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు.

ఆ పేజీ ఎలా తయారైందో చెబుతూ పోతాను. మీ ఇంటి ఫొటోతో మీరూ పక్కనే చేసుకుంటూ రండి.

ఒక్క కథ ఎంచుకోండి

పెట్టెలో ఉన్న ఫొటోలన్నీ సంవత్సరాల వారీగా సర్దాక మొదలుపెడదాం అనుకుంటే ఆ పని ఎప్పటికీ మొదలవదు. ఒక్క సందర్భం తీసుకోండి. తమ్ముడికి కొండమీద తల నీలాలు ఇచ్చిన రోజు, చంద్రగిరి కోటకు స్కూల్ నుంచి వెళ్లిన రోజు, కాణిపాకంలో అక్క నిశ్చితార్థం, ఏదైనా సరే. దానికి సంబంధించి మూడు నుంచి ఐదు ఫొటోలు చాలు. ఒక్క ఫొటోతోనూ మంచి పేజీ వస్తుంది. ఫొటో అందంగా ఉందా అని చూడకండి. దాని గురించి చెప్పడానికి ఎవరి దగ్గరైనా మాట ఉందా, అది చూడండి.

పాత ఫొటోను ముట్టుకునే ముందు

చేతులు కడుక్కుని, బాగా ఆరనిచ్చి, ఫొటోను అంచుల దగ్గర పట్టుకోండి. దుమ్ము ఉంటే మెత్తని పొడి బ్రష్‌తో తీయాలి. తడిగుడ్డ పెట్టకూడదు.

జిగురు పేజీల మీద ప్లాస్టిక్ షీటు కప్పి ఉండే ఆల్బమ్‌లు చాలా ఇళ్లలో ఉన్నాయి. ఆ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి ఫొటోను పట్టేస్తుంది. గోటితో పీకితే మూల చిరిగిపోతుంది. మందుల షాపులో దొరికే డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫొటో వెనక నుంచి దూర్చి, రంపం లాగినట్టు నెమ్మదిగా అటూ ఇటూ లాగితే చాలావరకు ఊడి వస్తుంది. రాకపోతే వదిలేయండి, పేజీతో సహా స్కాన్ చేయవచ్చు. ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన ఫొటోలదీ అదే దారి. అద్దంతోనే స్కానర్ మీద పెట్టండి.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను. అసలు ఫొటోను లామినేషన్ చేయించవద్దు. మా తాత చిన్ననాటి స్టూడియో ఫొటోను, భద్రంగా ఉంటుందని, ఒక షాపులో లామినేషన్ చేయించారు. కొన్నేళ్లకు ప్లాస్టిక్ లోపల బుడగలు లేచి, తాత చెయ్యి ఉన్నచోట పొర ఊడి పైకి వచ్చేసింది. వేడితో, జిగురుతో చేసిన పని అది. మళ్లీ విడదీయడం కుదరదు.

స్కాన్ చేయడం

ఇంట్లో ప్రింటర్‌తో పాటు స్కానర్ ఉంటే అదే వాడండి. లేకపోతే జిరాక్స్ షాపులో చేయించుకోవచ్చు. అయితే "స్కాన్ చేసి ఇవ్వండి" అని ఊరుకుంటే కాగితాలకు చేసినట్టు తక్కువ డీపీఐలో చేసి ఇచ్చేస్తారు. ఎంత డీపీఐ కావాలో మీరే అడగాలి.

డీపీఐ అంటే ఒక్క అంగుళంలో ఎన్ని చుక్కలు తీసుకుంటుందన్న లెక్క. ఫొటోను అదే సైజులో మళ్లీ ప్రింట్ తీయడానికి 300 చాలు. రెండింతలు పెద్దది చేయాలంటే 600. 4×6 అంగుళాల మామూలు ఫొటోకు 600 పెడితే 2400×3600 పిక్సెళ్లు వస్తాయి, స్క్రాప్‌బుక్ పేజీకి ధారాళంగా సరిపోతుంది. చిన్న ఫొటోలకు మాత్రం 1200 పెట్టాలి.

మా జాతర ఫొటో ఆరు సెంటీమీటర్ల చదరం. ఆ రోజుల్లో ఆగ్ఫా క్లిక్ త్రీ లాంటి బాక్స్ కెమెరాల్లో 120 అనే రకం ఫిల్ము వేసి తీస్తే నెగెటివ్ ఆ సైజులో ఉండేది. దాన్నే నేరుగా కాగితం మీద ప్రింట్ వేసి ఇచ్చేవాళ్లు. 300లో స్కాన్ చేస్తే దాదాపు 700 పిక్సెళ్లే వచ్చాయి, ముఖం పెద్దది చేస్తే అలికినట్టు కనబడింది. 1200లో చేస్తే 2800 దాటాయి. అప్పుడు చూశాం, ఎడమ కనుబొమ్మను రెండుగా చీలుస్తూ సన్నని తెల్లని గీత. బొగ్గు కూడా దాన్ని కప్పలేదు. అవ్వ కళ్లజోడుతో చూసింది దాన్నే.

నెగెటివ్‌లు దొరికితే పారేయకండి. ప్రింట్ వెలిసిపోయినా నెగెటివ్ చాలాసార్లు బాగానే ఉంటుంది.

ఫొటో వెనక వైపు కూడా తప్పకుండా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, పెన్నుతో రాసిన పేరు, తేదీ అక్కడే ఉంటాయి. స్కానర్ లేకపోతే ఫోన్‌లోనే గూగుల్ ఫొటోస్కాన్ యాప్‌తో చేయవచ్చు. అది ఒకే ఫొటోను నాలుగు వైపుల నుంచి తీయించి, మెరుపు మచ్చలు లేకుండా కలుపుతుంది. ఉత్త కెమెరాతోనే తీస్తే ఎండ నేరుగా పడని వరండాలో, ఫ్లాష్ ఆపి, ఫోన్‌ను ఫొటోకు సమాంతరంగా పట్టుకుని తీయండి.

పేర్లు, ఫోల్డర్లు

"స్కాన్ 0047" అన్న పేరుతో ఫైలు వదిలేస్తే ఆరు నెలల తర్వాత మీకే దొరకదు. సంవత్సరం ముందు, తర్వాత నెల, సందర్భం, మనిషి. "1969-05-జాతర-నాయన-01" అన్నట్టు పెడితే కంప్యూటరే కాలక్రమంలో సర్దేస్తుంది. నెల తెలియకపోతే సంవత్సరం చాలు. రెండు ఫోల్డర్లు చేయండి, ఒకటి "అసలు", ఒకటి "పని". స్కాన్ చేసినవి "అసలు"లో పెట్టి ఇక ముట్టుకోవద్దు. కత్తిరించడం, రంగు మార్చడం అన్నీ "పని"లోని కాపీ మీదే. దీని విలువ నాకు చివర్లో తెలిసింది, అది తర్వాత చెబుతాను.

వాట్సాప్‌లో అక్కకో బావకో ఫొటో పంపమని అడిగితే డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే సైజు తగ్గించి పంపుతుంది, ప్రింట్‌కు పనికిరాదు.

పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి

మిగతావన్నీ యాప్‌లు చేసిపెడతాయి. ఇది మాత్రం మనమే చేయాలి, ఆలస్యం చేయకుండా చేయాలి. డిజైన్ మొదలుపెట్టకముందే, ఆ ఫొటో గురించి తెలిసిన మనిషి దగ్గర ఒక గంట కూర్చోండి. వాళ్లతో చెప్పి ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టండి. చిన్న ఫొటో చేతికివ్వకుండా స్కాన్ చేసినదాన్ని టీవీలోనో ట్యాబ్‌లోనో పెద్దగా చూపించండి. ఎనభై దాటిన కళ్లకు అది చాలా తేడా.

"ఇది ఏ సంవత్సరం?" అని అడిగితే "ఏమో నాయనా, ఎవరికి గుర్తు" అనే జవాబు వస్తుంది. మన పెద్దవాళ్లు కాలాన్ని సంవత్సరాలతో గుర్తు పెట్టుకోలేదు. పుట్టుకలతో, పెళ్లిళ్లతో, కరువులతో, ఇల్లు కట్టడంతో గుర్తు పెట్టుకున్నారు. కాబట్టి అలాగే అడగండి. అప్పటికి అత్త పుట్టిందా? మనం ఏ ఇంట్లో ఉన్నాం? కరెంటు వచ్చిందా? మా అవ్వ "మీ అత్త అప్పటికి పాకతా ఉండె. అది పుట్టినాక వచ్చిన మొదటి జాతర" అనింది. అత్త పుట్టింది 1968 ఆగస్టులో. జాతర జరిగేది మే నెలలో. అంటే 1969 మే. ఒక్క మాటతో నెలతో సహా తేలిపోయింది.

ఊరి ఆనవాళ్లు కూడా సాయం చేస్తాయి. ఫొటోలో వెంకటేశ్వర జూ పార్కు కనబడితే అది 1987 తర్వాతదే. ఎస్వీ యూనివర్సిటీ ముందు తీసింది 1954కు ముందుది కాదు. మూలన నారింజ రంగులో పడిన తేదీని మాత్రం గుడ్డిగా నమ్మకండి, కెమెరాలో బ్యాటరీ మార్చాక తేదీ సరిచేయకపోతే తప్పుగానే పడుతూ వచ్చేది. చోటు రాసేటప్పుడు ఇంకో మాట. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో. 1969 ఫొటో కింద "తిరుపతి, చిత్తూరు జిల్లా" అనే రాయాలి. శుభలేఖల మీదా ఉత్తరాల మీదా అప్పటి చిరునామా అదే కాబట్టి, రేపు పిల్లలు వాటితో పోల్చి చూసుకున్నా తికమక పడరు.

వాళ్లు చెప్పినది చెప్పినట్టే రాసుకోండి. "తీసినారు", "వచ్చినాడు", "పాకతా ఉండె" అని అంటే పేజీ మీద కూడా అలాగే ఉండనివ్వండి. దాన్ని పుస్తకభాషలోకి దిద్దితే అవ్వ గొంతు పోతుంది.

పేజీ సైజు, యాప్

స్క్రాప్‌బుక్ అని వెతికితే 12×12 అంగుళాల చదరపు పేజీలే ఎక్కువ కనబడతాయి. అది అమెరికాలో అలవాటైన సైజు. మన దగ్గర పెళ్లి ఆల్బమ్‌లు వేసే ల్యాబుల్లో 12×18 అంగుళాల పేజీ మామూలు. పుస్తకంగా వేయించాలనుకుంటే, డిజైన్ చేయకముందే ల్యాబుకు వెళ్లి ఏ సైజు వేస్తారో, అంచుల్లో ఎంత కోత పోతుందో అడిగి రండి. మొదటి పేజీకి మాత్రం నా సలహా ఏ4. ఏ కలర్ ప్రింట్ షాపులోనైనా తీసుకోవచ్చు, ఫైల్లో పెట్టుకోవచ్చు. 300 డీపీఐ లెక్కన ఏ4 అంటే 2480×3508 పిక్సెళ్లు. కొత్త పేజీ తెరిచేటప్పుడు ఈ అంకెలు ఇవ్వండి. చిన్న సైజులో మొదలుపెట్టి తర్వాత పెంచితే బొమ్మ మసకబారుతుంది.

ఫోన్‌లో చేసేవాళ్లకు కాన్వా తేలిక. ఉచితంగా ఇచ్చేవి మొదటి పేజీకి సరిపోతాయి. కంప్యూటర్ ఉంటే గింప్ పూర్తిగా ఉచితం, కాస్త నేర్చుకోవాలి. ఏది వాడినా అర్థం చేసుకోవాల్సింది లేయర్ అన్న ఒక్క విషయమే. అద్దాల పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అనుకోండి. అడుగున బ్యాక్‌గ్రౌండ్, దాని మీద ఫొటో, ఆ పైన అక్షరాలు. ఒకదాన్ని కదిపితే మిగతావి కదలవు.

అలంకరణ ఇంట్లోంచే

రెడీమేడ్‌గా దొరికే గులాబీలు, రిబ్బన్లు, టెడ్డీబేర్లు మన జాతర ఫొటో పక్కన ఎలా ఉంటాయో ఊహించుకోండి. వాటి జోలికి పోవద్దు. మీ ఇంట్లో ఉన్నదే స్కాన్ చేయండి.

నేను పెరట్లో వేపరెమ్మ కోసుకొచ్చాను. స్కానర్ అద్దం మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీద రెమ్మ పెట్టి, పైన తెల్లకాగితం కప్పి స్కాన్ చేశాను. తర్వాత గింప్‌లో తెల్లటి భాగాన్ని సెలెక్ట్ చేసి తీసేసి, పీఎన్‌జీ అనే రకం ఫైలుగా సేవ్ చేశాను. జేపెగ్‌గా సేవ్ చేస్తే ఖాళీ చోటు మళ్లీ తెల్లగా నిండిపోతుంది, పీఎన్‌జీ అయితే ఖాళీగానే ఉంటుంది. ఇప్పుడా రెమ్మను ఏ పేజీ మీద పెట్టినా నిజంగా అక్కడ రాలి పడినట్టుంటుంది. ఆకుల అంచుల రంపపు పళ్లు కూడా కనబడతాయి.

బ్యాక్‌గ్రౌండ్‌కు అమ్మ దగ్గరున్న శ్రీకాళహస్తి కలంకారీ చీర చెంగును స్కాన్ చేసి, ఒపాసిటీ, అంటే ఎంత ముదురుగా కనబడాలన్నది, 20 శాతానికి తగ్గించాను. చేత్తో కలంతో గీసిన గీతలు కావడంతో ఒక్క తీగ ఇంకో తీగలా ఉండదు. శుభలేఖ అంచు, పాత బస్సు టికెట్, అవ్వ పాల లెక్క రాసిన క్యాలెండరు కాగితం, తాత సంతకం, అన్నీ పనికొస్తాయి. అయితే పేజీకి రెండు మూడు మించకూడదు. ముందు ప్రధాన ఫొటోను పేజీలో సగమైనా ఆక్రమించేలా పెట్టండి. మిగతావి దాని చుట్టూ చిన్నవిగా. రాయడానికి చోటు ముందే వదిలిపెట్టండి, చివర్లో ఇరికిస్తే ఎవరూ చదవరు.

తెలుగు అక్షరాలు

ఫోన్‌లో గూగుల్ కీబోర్డు జీబోర్డ్‌లో తెలుగు టైప్ చేయవచ్చు, మాట్లాడితే కూడా రాస్తుంది. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, పొన్నాల లాంటి ఎన్నో తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. నేను శీర్షికకు రామభద్ర, కథకు మండలి వాడతాను. ఒక పేజీలో రెండు ఫాంట్లు మించితే ఎబ్బెట్టుగా ఉంటుంది. వరుసల మధ్య ఎడం కాస్త ఎక్కువ ఇవ్వండి. లేదంటే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

ఫొటోషాప్ వాడేవాళ్లకు "అమ్మ"లో మ వత్తు విడిపోయి పక్కన పడితే టెన్షన్ వద్దు. టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుంటే సర్దుకుంటుంది. ప్రింట్ షాపుల్లో చాలామంది ఇంకా అను ఫాంట్లతో పనిచేస్తారు, అవి మనం ఫోన్‌లో టైప్ చేసే యూనికోడ్ పద్ధతివి కావు. మీ ఫైలు అక్కడ తెరిస్తే అక్షరాలు చెదిరిపోవచ్చు. అందుకే షాపుకు పీడీఎఫ్ గానీ ఎక్కువ క్వాలిటీ జేపెగ్ గానీ ఇవ్వండి.

ఏం రాయాలి? ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, వీలైతే ఎవరు తీశారు. దాని కింద ఫొటోలో కనబడనిది ఒకటి. "నాయన, తోటి వేషం, తిరుపతి, 1969 మే" అని రాసి, కింద అవ్వ మాట పెట్టాను: "బొగ్గు పోయేదానికి మూడు దినాలు పట్టింది. దుప్పటంతా నల్లగా చేసినాడు."

దిద్దడం ఎంతవరకు

వెలిసిన నలుపు తెలుపు ఫొటోకు కాంట్రాస్ట్ కొంచెం పెంచండి. పాత కలర్ ఫొటోలు చాలా ఎర్రబారి ఉంటాయి. వాటిలోని రంగుల్లో నీలం వైపుది ముందుగా పోవడం వల్ల ఎరుపు పైకి తేలుతుంది. ఆటో కలర్‌తో కొంతవరకు సరిపోతుంది. గీతలు, మచ్చలు ముఖం మీద ఉంటే తీయండి, గోడ మీదవి ఉండనివ్వండి.

ముఖాలను స్పష్టం చేస్తామనే ఏఐ యాప్‌లను మాత్రం పాత ఫొటోల మీద వాడవద్దు. మసకగా ఉన్నచోట అవి ఊహించి కొత్త ముఖం గీస్తాయి. నేను ప్రయత్నించి చూశాను. నాయన కనుబొమ్మ మీది గాటు మాయమైంది. చర్మం నున్నగా, చక్కగా వచ్చింది, కానీ అది ఎవరో పిల్లవాడు. రంగులద్దడం కూడా అంతే, చీర రంగు యాప్ ఊహించినదే. పెట్టుకోవాలనిపిస్తే పక్కన అసలు ఫొటో కూడా పెట్టి, రంగులు తర్వాత వేసినవని రాయండి.

దాచడం

లేయర్లతో ఉన్న ఫైలును విడిగా సేవ్ చేయండి, మళ్లీ మార్చాలంటే అదే కావాలి. అన్నింటికీ కనీసం మూడు కాపీలు ఉండాలి. కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్క్‌లో ఒకటి, ఇంటి బయట ఎక్కడో ఒకటి. గూగుల్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నింటికీ కలిపి. అక్కడ పెట్టేటప్పుడు ఒరిజినల్ క్వాలిటీ ఎంచుకోండి. వేరే ఊళ్లో ఉన్న తమ్ముడికో చెల్లెలికో ఒక పెన్‌డ్రైవ్ ఇవ్వడం కూడా మంచి పని.

ఫ్యామిలీ గ్రూపులో పెట్టే ముందు ఫొటోలో ఉన్నవాళ్లను ఒక మాట అడగండి. పోయిన బిడ్డ, విడిపోయిన దంపతులు, స్నానం చేస్తున్న చిన్నపిల్లలు ఉన్న ఫొటోలు అందరికీ పంపేవి కావు.

మొదటి ప్రింట్ పెద్దవాళ్లకు చూపించండి

మామూలు కాగితం మీద ఒక కలర్ ప్రింట్ తీసి, కథ చెప్పిన మనిషి చేతిలో పెట్టండి. పేర్లు తప్పా, వావివరసలు తప్పా అని వాళ్లనే చూడమనండి. ఆ తర్వాతే మంచి ఫొటో పేపరు మీద వేయించండి.

మా పేజీ అవ్వకు చూపించాను. వేపరెమ్మను వేలితో తడిమి చూసింది. తన మాట చదివించుకుని విన్నది. తర్వాత ఫొటో కుడి అంచు మీద వేలు పెట్టి, "ఇక్కడ చెంబు ఉండాలే, ఏమాయె?" అనింది. నాకు అర్థం కాలేదు. "అసలు" ఫోల్డర్ తెరిచి స్కాన్ పెద్దది చేసి చూశాం. కుడి అంచున, ఫ్రేము బయటి నుంచి లోపలికి చాచిన ఒక చెయ్యి, అందులో ఇత్తడి చెంబు, మణికట్టుకు నాలుగు గాజులు. పేజీలో బాగా అమరడం లేదని నేనే ఆ అంచు కత్తిరించేశాను.

"పసుపునీళ్ల చెంబు. ఆ చెయ్యి నాదే" అనింది అవ్వ.

అప్పటికప్పుడు "అసలు"లోని స్కాన్ నుంచి ఫొటో మొత్తం తెచ్చి పెట్టి, వేపరెమ్మను ఎడమ వైపుకు జరిపాను. పట్టుమని పది నిమిషాల పని. కింద రాసిన వరుసను కూడా మార్చాను: "నాయన, తోటి వేషం. పక్కన చెంబు పట్టుకున్న చెయ్యి అవ్వది. తిరుపతి, 1969 మే."